సాక్ష్యం చెప్పే ముందు పరీక్ష చేయించుకోండి



ఈ వారం వాక్యధ్యానం రాయడం లేదు. చాలా రోజులుగా మనసులో ఉన్న ఒక విషయం మీద నా అభిప్రాయం రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చనివాళ్లు ఆరాధన అయ్యాక నా దగ్గరికి వచ్చి అడగండి, నూతి దగ్గర చెప్పుకోకండి.

ఈమధ్య మన కూడికల్లో ఒకే రకం సాక్ష్యం ఎక్కువగా వింటున్నాం. "షుగరు బిళ్లలు మానేశానండీ, దేవుడు బాగుచేశాడు." "బీపీ బిళ్ల వేసుకోక మూడు నెలలైంది, ప్రార్థనతోనే ఉన్నాను." అందరూ చప్పట్లు కొడతారు, స్తోత్రం అంటారు. కూడిక అయిపోయాక నేను ఆ తల్లిని మెల్లగా అడుగుతాను, రక్తపరీక్ష ఎప్పుడు చేయించావమ్మా అని. "ఎందుకు అయ్యగారూ, ఒంట్లో బాగానే ఉంది కదా" అంటుంది. ఇంచుమించు అందరి జవాబూ ఇదే.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. నమ్మకపోతే మీ ఇళ్లకొచ్చి రోగుల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించను. అయితే మార్కు సువార్త మొదటి అధ్యాయంలో కుష్ఠరోగి సంగతి ఒకసారి నిదానంగా చదవండి. ప్రభువు అతన్ని ముట్టాడు, వెంటనే రోగం పోయింది. ఆ తర్వాత ప్రభువు అతనికి చెప్పిన పని ఏమిటి? ఎవరికీ ఏమీ చెప్పొద్దు, ముందు వెళ్లి యాజకుడికి కనబడమన్నాడు. ఆ రోజుల్లో చర్మాన్ని పరీక్షించి, ఇతను శుద్ధుడే అని తేల్చే అధికారం యాజకుడిది. ప్రభువు తానే బాగుచేసిన మనిషిని కూడా పరీక్షకు పంపాడు. ఆ మనిషి ఊరుకోక ఊరంతా చాటాడు, అది వేరే సంగతి. మనవాళ్లు ఆ రెండో భాగాన్నే పట్టుకున్నట్టున్నారు.

షుగరు, బీపీ నొప్పిపెట్టే రోగాలు కావు. తేలు కుట్టిందంటే ఇప్పుడు మంట తగ్గిందో లేదో మనకే తెలుస్తుంది. బీపీ 180 ఉన్నా మనిషి పొలంలో మామూలుగా నాటు వేస్తాడు. షుగరు 300 ఉన్నా పెళ్లిలో వడ్డనకు నిలబడతాడు. లోపల మాత్రం కంటి వెనుక నరాలు, మూత్రపిండాలు, కాలి నరాలు కొంచెం కొంచెంగా చెడిపోతుంటాయి. అందుకే ఈ రోగాలను ఒంటిని అడిగి తెలుసుకోలేం. బీపీ పట్టీ చుట్టి చూడాలి, రక్తం తీసి చూడాలి. పరగడుపున షుగరు 126 దాటినా, బీపీ 140/90 దాటినా, ఒకసారితో తేల్చకుండా మళ్లీ చూపించి నిర్ధారించుకోమంటారు డాక్టర్లు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుంది. ఎర్ర రక్తకణం ఇంచుమించు 120 రోజులు బతుకుతుంది, అన్ని రోజులూ రక్తంలో ఉన్న చక్కెర దానికి అంటుకుని ఉంటుంది. కాబట్టి పరీక్షకు ముందు రెండు రోజులు అన్నం తగ్గించి తింటే ఈ పరీక్షను మోసం చేయలేం. నా మనవి ఇదే. బిళ్లలు మానాలా వద్దా అన్నది డాక్టరుతో తేల్చుకోండి. ఆయన చూసి, కాగితం మీద రాసి, ఇక అక్కర్లేదమ్మా అన్న రోజున నేనే మిమ్మల్ని ముందుకు పిలిచి మైకు ఇస్తాను.

"రాజైన ఆసా వైద్యులను నమ్ముకుని చనిపోయాడు కదా అయ్యగారూ" అని ఒక సహోదరుడు నన్ను అడిగారు. మంచి ప్రశ్న. రెండో దినవృత్తాంతాలు 16వ అధ్యాయమంతా చదివితే, ఆసా తప్పు ఆసుపత్రికి వెళ్లడం కాదని తెలుస్తుంది. అతను అప్పటికే దేవుణ్ణి వదిలి సిరియా రాజును నమ్ముకున్నాడు, మందలించిన ప్రవక్తను చెరసాలలో వేశాడు. కాళ్లకు జబ్బు వచ్చినా అదే మొండితనం. ఆయన పక్కనే హిజ్కియాను పెట్టి చూడండి. హిజ్కియా ఏడ్చి ప్రార్థించాడు, దేవుడు 15 ఏళ్ల ఆయుష్షు ఇచ్చాడు. ఆ మాట చెప్పిన యెషయా ప్రవక్తే, అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన ఆలకించబడిన తర్వాత కూడా మందు వేశారు. పౌలు గారి వెంట తిరిగిన లూకా వైద్యుడే. తిమోతికి కడుపు బాగాలేకపోతే పౌలు గారు ఏం పుచ్చుకోమన్నారో కూడా ఉంది గాని, ఆ వచనం మన ఊళ్లో తాగేవాళ్లకు నాకంటే బాగా కంఠస్థం, కనుక దాన్ని ఇక్కడ వదిలేస్తాను.

మనకు సువార్త తెచ్చినవాళ్లు కూడా ఒక చేత్తో వాక్యం, ఇంకో చేత్తో మందు తెచ్చారు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారు 1898లో అక్కడ ఆడవాళ్లకూ పిల్లలకూ ఆసుపత్రి తెరిచారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి ఒప్పుకోని ఇళ్లలో ఆడవాళ్లు కాన్పుల్లో చనిపోతున్న రోజులవి. ఆవిడ ప్రార్థన చేసి ఊరుకోలేదు.

ఇంతవరకూ చాలామంది పాస్టర్లు చెప్పేదే చెప్పాను. ఇక అసలు విషయానికి వస్తాను.

బిళ్లలు మానేశానని సాక్ష్యం చెప్పిన ఒక అక్క ఇంటికి ఓ సాయంత్రం వెళ్లాను. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తుంది. అమ్మగారు కూడా నాతో వచ్చారు, ఆడవాళ్లు ఆమెతో చెప్పుకున్నంత నాతో చెప్పుకోరు. టీ తాగాక మాటలో మాటగా బయటపడింది. బిళ్లలు అయిపోయాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలంటే ఆటోకు రానూపోనూ 80 రూపాయలు, ఆ రోజు పని పోతుంది. వెళ్లినా ఒకసారి రెండు రకాల్లో ఒకటే ఉంది, ఇంకోటి వచ్చే వారం రమ్మన్నారు. వచ్చే వారం మళ్లీ 80 రూపాయలు, మళ్లీ పని పోవడం. 104 బండి ఊళ్లోకి వచ్చే రోజున తను పనిలో ఉంటుంది. కొడుకు హైదరాబాదులో ఉన్నాడు, ఫోనులో "మందులేసుకుంటున్నావా" అంటే "ఆఁ" అంటుంది. అలా పది రోజులు, నెల, రెండు నెలలు గడిచాయి. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్నే స్వస్థత అనుకుంది.

ఆమెకు విశ్వాసం లేదని నేననను. నాకంటే ఎక్కువే ఉందేమో. కానీ డబ్బు లేక మానేశానని పదిమందిలో చెప్పడం సిగ్గు. దేవుడు బాగుచేశాడని చెప్పడం గౌరవం. మన సంఘంలో పేదరికం గురించి చెప్పుకోవడానికి చోటు లేక, అది సాక్ష్యం రూపంలో మైకు ముందుకొచ్చింది. మనమేమో చప్పట్లు కొట్టాం. అందుకే ఆ అక్కను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే, పొలం లేనివాళ్లు చావును ఎదురుచూడటమే. ఇప్పుడు పేరు మారి ఎన్టీఆర్ వైద్య సేవ అయింది గాని, ఆ కార్డు పుణ్యాన మన సంఘంలోనే గుండెకు స్టెంటు వేయించుకుని తిరుగుతున్న పెద్దలున్నారు. పక్కనే ఉద్దానం చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు చితికిపోయాయో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు, మన వియ్యాలవారే అక్కడున్నారు. ఎన్నో ఏళ్ల తర్వాత 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి మంచినీళ్లు తెచ్చారు. మంచిదే.

కానీ నాకు కనబడేది ఇది. కార్డు పెద్ద రోగానికి పలుకుతుంది. ఆసుపత్రిలో చేరితే, కోత పడితే, డయాలసిస్ దాకా వెళ్తే లక్షలు ఇస్తారు. ఆ దాకా వెళ్లకుండా ఆపే చిన్న బిళ్ల దగ్గరికి మాత్రం మనిషి తన కూలి పోగొట్టుకుని వెళ్లాలి. బీపీ బిళ్ల, జెనెరిక్‌ది అయితే, ఒక టీ ఖరీదు కూడా ఉండదు. ఇబ్బంది బిళ్ల ఖరీదుతో కాదు, దాన్ని చేరుకోవడంతో. మనమింకా రోడ్డు పక్కన ఉన్నాం. సీతంపేట వైపు కొండ మీది సవర గూడేల్లో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీలో మోసుకుని దిగుతున్నారు. వాళ్లకు బీపీ చూపించుకోమని నేను ప్రసంగం చేస్తే నవ్వుతారు.

వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్ మంచం మీద పడుకునే మనిషిని ఒక్కసారి చూసిరండి. చిన్న బిళ్ల కోసం ఎందుకింత రాస్తున్నానో అప్పుడు తెలుస్తుంది.

అలవాట్ల సంగతి కూడా చెప్పాలి. మద్యం మీద మన ప్రసంగాలకు లోటు లేదు. ఎందుకో తెలుసా? తాగేవాళ్లు సాధారణంగా ఆదివారం మన ముందు కూర్చోరు. లేనివాళ్లను తిట్టడం సుళువు. కూర్చున్నవాళ్ల అలవాట్లు వేరు, వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

మొదటిది నొప్పి బిళ్ల. పొలం పనికి, ఇటుకల పనికి, జీడి పనికి వెళ్లే ప్రతి ఇంట్లో ఉంటుంది. నడుం నొప్పికి ఒకటి, మోకాలికి ఒకటి, రేపు మళ్లీ పనికి లేవాలి కనుక రాత్రి ఇంకొకటి. ఆరెంపీ దగ్గరికి వెళితే సూది వేయందే మనకు తృప్తి లేదు. సూది వేయని డాక్టరు మనకు మంచి డాక్టరు కాడు. రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, అప్పటికే బీపీయో షుగరో ఉన్నవాళ్లకు మరీను. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కానీ కిడ్నీ జబ్బు ముంగిట్లో ఉన్న జిల్లాలో నొప్పి బిళ్లలను పిప్పరమెంట్లలా చప్పరించడం బుద్ధి కాదు.

ఆరెంపీలను నేను దొంగలనను. అర్ధరాత్రి తలుపు తడితే లేచేది వాళ్లే. అందుకే వాళ్లతో కూడా కూర్చుని మాట్లాడాలని నా ఆలోచన.

రెండోది చుట్ట. మన తీరం వెంబడి పెద్దవయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. గాలికి ఆరిపోదని, చేతులు పనిలో ఉన్నా నోట్లోనే ఉంటుందని, పంటి నొప్పి తెలియదని చెబుతారు. ఆ వేడీ ఆ పొగా అంగిలిని కాల్చి కాల్చి, అక్కడే కాన్సర్ పుడుతుంది. ఇది శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో డాక్టర్లు ఎన్నో ఏళ్ల క్రితమే చూసి రాసిపెట్టిన సంగతి. చర్చిలోకి వచ్చేటప్పుడు చుట్ట గోడ సందులో దాచి వస్తారు, నాకు తెలుసు. దేవుని మందిరం పక్కన చుట్ట ఏమిటని కసురుకునే యవ్వనస్తులు వాళ్ల పళ్లెప్పుడైనా చూపించారా? పంటి డాక్టరు పట్నంలో ఉంటాడు. పంటి నొప్పికి అవ్వకు దొరికిన మందు చుట్ట. కసురుకునేవాళ్లలో ఇద్దరి జేబుల్లో ఖైనీ పొట్లాలు కూడా నేను చూశాను, పేర్లు రాయను. గుట్కా నిషేధమని పేరేగాని, ఏ బడ్డీలో అడగాలో పదో తరగతి పిల్లలకు తెలుసు.

అవ్వలారా, మీకు నా మాట ఒక్కటే. అంగిట్లో తెల్ల మచ్చ, మానని పుండు, మింగితే మంట ఉంటే దాచుకోకండి. తొలిదశలో చూపిస్తే బతుకుతారు.

మూడోది మన భక్తితో కలిసిపోయింది కనుక చెప్పడానికి కొంచెం జంకుతున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన. షుగరు బిళ్ల వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినకపోతే, కొన్ని రకాల బిళ్లలకు రక్తంలో చక్కెర ప్రమాదంగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది, మనిషి ఒరిగిపోతాడు. దాన్ని మనవాళ్లు ఆత్మ కదలిక అనుకున్న సందర్భం కూడా ఉంది. ఇకమీదట ఎవరైనా అలా ఒరిగితే, స్పృహ ఉండి మింగగలిగితే ముందు చక్కెర నీళ్లు పట్టండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గర్భిణులు ఉపవాసం ఉండొద్దని మీ పాస్టరుగా చెబుతున్నాను. ఆ రోజు టీవీ మానండి, ఫోను మానండి, పొరుగింటివాళ్లతో తగవు మానండి. దేవుడు అంగీకరిస్తాడు.

పొద్దంతా ఉపవాసముండి రాత్రి పులిహోర, అప్పడాలు, ఆవకాయ కలిపి మూడు పూటల తిండి ఒకేసారి తినడం గురించి వేరే రాయాలి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఇంచుమించు ఒక చిన్న చెంచాడు. ఎండుచేపల పులుసు, పచ్చడి, మజ్జిగలో ఉప్పు లెక్కేసుకుంటే మధ్యాహ్నానికే మన కోటా అయిపోతుంది. ఎండుచేపలు మానమని నేననను, నేనూ మానలేను. నీళ్లలో నానబెట్టి, కడిగి వండమంటాను.

ఇంకో చిన్న సంగతి. షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు మందిరం బయట చెప్పులు విడిచి, ఏప్రిల్ ఎండలో కాలే గచ్చు మీద నడిచి లోపలికొస్తున్నారు. కాలు కాలినా తెలియదు. ఆ బొబ్బే పుండవుతుంది, ఆ పుండే వేలు తీసేదాకా వెళ్తుంది. మోషే చెప్పులు విడిచాడన్నది నిజమే. అయితే మోషేకు షుగరు ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. అలాంటివాళ్లు కడిగిన చెప్పులతో లోపలికి రావచ్చు. సంఘ పెద్దలతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఎవరైనా అభ్యంతరం చెబితే నా పేరు చెప్పండి.

నూనె సీసాలు, రుమాళ్లు అమ్ముతూ, మందులు చెత్తబుట్టలో పారేయండని వేదిక మీద చెప్పి వెళ్లే స్వస్థత కూటాల గురించి పెద్దగా రాయను. పెద్ద కూటమి పెట్టినాయన మర్నాడు ఉదయం కారెక్కి వెళ్లిపోతాడు. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయిన మనిషి ఇంటికి వెళ్లేది మేము. పక్షవాతం వచ్చిన మొదటి నాలుగున్నర గంటల్లో పెద్దాసుపత్రికి చేరితే, కొందరికి గడ్డ కరిగించే సూది ఉంది. మనం ఆ గంటలను పసరుకూ నూనెకూ పోగొడుతున్నాం. 108 వచ్చేలోపు ప్రార్థించండి, దారి పొడుగునా ప్రార్థించండి, కానీ బండెక్కించండి.

ఇది ఫోనులో చదువుతున్నది ఎవరో నాకు తెలుసు. హైదరాబాదు, విశాఖ, చెన్నై, గల్ఫుల్లో పనిచేస్తున్న మన బిడ్డలే ఎక్కువ. బిళ్లలు మానేస్తున్న మీ అమ్మానాన్నలు దీన్ని చదవరు. మీరు ఇంటి స్లాబుకు డబ్బు పంపుతున్నారు, సంతోషం. ఈ రాత్రి ఫోను చేసినప్పుడు "బాగున్నావా అమ్మా" అని ఊరుకోకండి. "బాగున్నాను" అనే అంటుంది. "మొన్న బీపీ ఎంత వచ్చింది, చీటీ చదువు" అని అడగండి. చీటీ లేదంటే మీకు సంగతి అర్థమవుతుంది. బిళ్లల అట్టను ఫొటో తీసి పంపమనండి, ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. తనకు చదవడం రాకపోతే మా అమ్మగారి దగ్గరకు పంపండి.

మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టి, గాయపడినవాణ్ణి తన పశువు మీద ఎక్కించి తీసుకెళ్లాడు. మర్నాడు పూటకూళ్లవాడి చేతిలో రెండు దేనారములు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో ఇస్తానన్నాడు. దారి ఖర్చూ ఆయనదే, తర్వాతి వైద్యం ఖర్చూ ఆయనదే. మన సంఘం చేయగలిగింది అక్కడి నుంచే తీసుకున్నాం. నెలకొకసారి కానుకలో కొంత పక్కన పెట్టి ఒక ఆటో మాట్లాడాం. క్రైస్తవులే ఎక్కాలన్న నియమం లేదు, మన వీధిలో ఎవరైనా ఎక్కవచ్చు.

ఆటో ప్రతి నెలా రెండో మంగళవారం ఉదయం 8 గంటలకు మందిరం దగ్గర బయలుదేరి ఆరోగ్య కేంద్రానికి వెళ్తుంది, పది గంటలన్నరకల్లా తిరిగొస్తుంది. ఆ రోజు సగం పూట పనికి వెళ్లేలా ఇద్దరు జీడి బట్టీల యజమానులతో మాట్లాడాను. ఒకరు ఒప్పుకున్నారు, రెండోవారి దగ్గరికి మళ్లీ వెళ్తాను. పాత చీటీ, ఖాళీ అయిన బిళ్లల అట్ట, ఆధార్ కార్డు తెచ్చుకోండి. పరగడుపున రక్తం ఇచ్చేవాళ్లు టిఫిను గిన్నెలో కట్టుకుని రండి, రక్తం ఇవ్వగానే అక్కడే తినేయవచ్చు. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత ఏఎన్ఎం అమ్మ బీపీ పట్టీ తీసుకుని వస్తానన్నారు. 30 ఏళ్లు దాటినవాళ్లందరూ కూర్చోండి. మొదట నాకే చూడమని చెప్పాను, అంకె ఎంత వస్తే అంత మైకులో చదువుతాను.